మోత ఎటుపోయింది?

మొన్న పెద్దపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. రెండో బంతిలో కూర్చున్నాను. ఆకులో పప్పు పడింది, నెయ్యి పడబోతోంది. పందిరి మూల నుంచి మైకు సెట్టు "ఊఁ..." అని మోగుతూనే ఉంది. పాటల రికార్డు వేసినా ఆ మోత కింద నుంచి వినపడుతోంది, పెద్దమనిషి మాట్లాడుతుంటే పక్కవాడు ముక్కుతో రాగం తీసినట్టు. పెళ్ళికూతురి మేనమామ రెండుసార్లు లేచివెళ్ళి మైకు పిల్లవాణ్ణి తిట్టి వచ్చాడు. మూడోసారి తిట్టాక మోత టక్కున ఆగిపోయింది. పందిట్లో ముఖాలన్నీ తేటపడ్డాయి. మేనమామ యుద్ధం గెలిచినవాడిలా మీసం సర్దుకున్నాడు. నేను మాత్రం, వడ్డించే ఆయన నెయ్యి గరిటె గాలిలో పట్టుకుని నా వైపు చూస్తుండగా ఆకు ముందు నుంచి లేచాను.

మోత వస్తే లేచేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. మోత ఆగిపోతే లేచే జబ్బు నాకు ఒక మనిషి దగ్గర అంటుకుంది. ఆయన ఖాజా సాబ్. గోదావరిఖనిలో నేను పనిచేసిన బొగ్గు గనికి, మా వాళ్ళ మాటలో చెప్పాలంటే బాయికి, ఎలక్ట్రికల్ షాపు ఫోర్‌మన్. నాకింకా ముప్పై నిండలేదు. జ్ఞాపకాలు రాసే వయసు కాదని స్నేహితులు అంటారు. నిజమే. అయితే ఆయన్ను చూడనివాళ్ళ సంఖ్య ఏటేటా పెరుగుతోంది. వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి, ప్రస్తుతానికి నేను ఖాళీగా ఉన్నాను.

చూడటానికి ఆయనలో గొప్పేమీ కనపడదు. పొట్టిగా, బక్కగా ఉండేవాడు. కుడిచెవి వెనక పెన్సిలు, ఎడమచెవి వెనక బీడీ. ఆలోచనలో పడ్డప్పుడు ఏ చెవి ఏదో మరిచిపోయేవాడు. పెన్సిలు నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీయడం నా కళ్ళతో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అది అంటుకోలేదు కాబట్టి చెప్పుకోదగ్గ సంఘటన కాదు. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు, యంత్రాలతో రెండూ మాట్లాడేవాడు. మొరాయించిన మోటారును "ఏంది బేటా, ఏమైంది నీకు" అని అడగడం చూసి మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన అడిగేది మర్యాదకు కాదు, జవాబు కోసమే.

ఐ.టి.ఐ. సర్టిఫికెట్ పట్టుకుని నేను షాపులో చేరిన రోజు, ఆయన దాన్ని తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. వెనకాల ఏమీ లేదు.

"ఏమేం నేర్చుకున్నవ్ ఓదెలూ?"

నేను ఓమ్ సూత్రం అప్పజెప్పాను. అడగకుండానే ఇంకో రెండు సూత్రాలు కొసరు వేశాను.

"శబాష్. ఇగ జెప్పు. నువ్వు తీగె మీద పని చేస్తున్నవ్. ఫ్యూజు యాడ పెట్టినవ్?"

"పీకి బోర్డు మీద పెట్టిన సాబ్."

"ఎవడో అచ్చిండు, జల్ది మీదున్నడు, తీసి పెట్టేసిండు. ఇప్పుడు నువ్వు యాడున్నవ్?"

నేను సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. రూల్స్ పుస్తకంలో రాసింది కాదు, ఖాజా సాబ్ పెట్టింది. తీగ మీద పని చేసేవాడు పింగాణీ ఫ్యూజును తన చేతులతో పీకి, తన చొక్కా జేబులోనే వేసుకోవాలి. పని అయ్యాక తనే వచ్చి పెట్టాలి. "మనుషులు పనిచేయుచున్నారు" అని బోర్డు తగిలించడం, పక్కవాడికి చెప్పి వెళ్ళడం ఆయన లెక్కలో పని కింద రావు. "చదువురానోడు బోర్డు చదువడు. చదువొచ్చినోడు అస్సలే చదువడు. నీ పానం నీ జేబులనే ఉండాలె" అనేవాడు.

"మరి అంగీ చాకలికి ఏస్తే సాబ్? పానం గూడ ఉతికి తెస్తడా?" అన్నాను. జోకు వేయకపోతే నాకు ఆ రోజుల్లో అన్నం అరిగేది కాదు.

"మంచిగనే ఉతుకుతడు. గందుకే ఏసే ముందుగాల జేబు సూస్కోవాలె" అని ఆయన తన పనిలో తాను పడ్డాడు. నా జోకులకు ఆయన నవ్వేవాడు కాదు. వాటిని ప్రశ్నలనుకుని జవాబు చెప్పేవాడు. జోకు వేసేవాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఆ పద్ధతి ఎంత గట్టిదో ఒక శుక్రవారం చూశాను. పొద్దున కాలనీ నీళ్ళ పంపు లైను బాగుచేసి, నమాజు వేళైందని ఖాజా సాబ్ హడావిడిగా మసీదుకు వెళ్ళిపోయాడు. ఫ్యూజు జేబులోనే ఉంది. నల్లాల దగ్గర ఆడవాళ్ళు బిందెలు వరసపెట్టి నిలబడ్డారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకాయన, డబ్బా నిండా ఫ్యూజులుండగా ఈ గోలేమిటి, ఇంకోటి పెట్టండన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆయన ఇంగ్లీషులో అన్నాడు. అప్పుడూ కదల్లేదు. ఫ్యూజు ఖాజా సాబ్ జేబులో ఉందంటే ఖాజా సాబ్ ఎక్కడో ఒక తీగ మీద ఉన్నట్టే లెక్క. మసీదులో ఉన్నాడని అందరికీ తెలుసు. అయినా సరే. ఇద్దరు సైకిళ్ళేసుకుని వెళ్ళి, నమాజు అయ్యేదాకా బయట నిలబడి, ఫ్యూజును కాదు, మనిషినే తీసుకొచ్చారు. ఆయనే వచ్చి పెట్టాడు. ఆఫీసరుతో "తప్పు నాదే సాబ్" అన్నాడు. బిందెల దగ్గర ఒక అవ్వ మాత్రం "రేపటి సంది లుంగీకి ముడేస్కో ఖాజా, యాదికుంటది" అంది. అంతకుమించి ఎవరూ తిట్టలేదు. వాళ్ళ మగవాళ్ళంతా అదే బాయిలో దిగేవాళ్ళు.

ఇక గిటారు సంగతి. గని కార్మికుల క్లబ్బుకు ఒక ఆర్కెస్ట్రా ఉండేది: హార్మోనియం, తబలా, కొంచెం శ్రుతి, బోలెడు ధైర్యం. క్లబ్బు సెక్రటరీ మల్లేశమన్న, హాజరు రాసే ఆఫీసులో గుమాస్తా, సికింద్రాబాదు వెళ్ళి ఎలక్ట్రిక్ గిటారు తెస్తానని బయల్దేరాడు. నాలుగు తీగల బేసు గిటారుతో, దాన్ని మోగించే ఒక పాత ఆంప్లిఫయర్ పెట్టెతో తిరిగొచ్చాడు.

"రెండు తీగెలు తక్కువున్నయేందన్నా?" అని అడిగాను.

"తక్కువుంటేనే నేర్చుకునుడు అల్కగుంటది" అన్నాడు, ఆలోచించి కొన్నట్టు.

దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అందులో పాట పలకదు, పాట కింద నేల పలుకుతుంది. అది మోగుతున్నంతసేపు ఎవరూ గమనించరు, ఆగితే ఏదో తక్కువైనట్టు చుట్టూ చూస్తారు. నలుగురి ముందు నిలబడి ఎవరికీ వినపడకుండా ఉండే ఉద్యోగం నాకు నచ్చింది. ఆరు నెలల్లో నాలుగు తీగల మీద నాలుగు పాటలు వచ్చాయి. ఒకే చిక్కు. నేను వాయించినా వాయించకపోయినా ఆ పెట్టె మోగేది. ఊఁ అని, మధ్యలో చిటచిటమని, ఒక్కోసారి ఈల వేసినట్టు.

భద్రతా వారోత్సవాల చివరిరోజు, శనివారం సాయంత్రం, క్లబ్బు మైదానంలో మా ప్రోగ్రాం. పెద్ద సాబు, అంటే గని మేనేజరు, కుటుంబంతో సహా వస్తున్నాడు. మల్లేశమన్న ఆ వారమంతా నిద్రలేనివాడిలా తిరిగాడు, నిజానికి ఆఫీసులో పడుకునేవాడు.

"పెద్ద సాబు ముంగట గిట్ల మోగిందనుకో ఓదెలూ, గిటారును అది అచ్చిన చెక్కపెట్టెల వెట్టి తాళమేస్త. నిన్ను గూడ అండ్లనే వెడ్త."

"పెట్టె చిన్నగుందన్నా, నన్ను మడతవెట్టాలె."

"నవ్వు నవ్వు. ఇజ్జత్ పోతే నీది గాదు, క్లబ్బుది."

నవ్వాను కానీ లోపల బెంగపడ్డాను. ఆ గిటారు పోతే నేను మళ్ళీ తబలా మోసేవాణ్ణి అవుతాను. ఇరవై రెండేళ్ళ వయసులో, నాకంటూ వచ్చిన విద్య అదొక్కటే. ఎలక్ట్రిక్ పని నాకు వచ్చని నేను తప్ప ఎవరూ అనుకోవడం లేదు.

మంగళవారం డ్యూటీ దిగాక ఖాజా సాబ్‌ను క్లబ్బుకు తీసుకెళ్ళాను. ఆయన ఏదీ ముట్టుకోలేదు. కుర్చీ తిప్పి వేసుకుని, బీడీ అయిపోయేదాకా వింటూ కూర్చున్నాడు.

"ఏం మోగుతున్నది?"

"మోత సాబ్."

"గది ఒక్కటి గాదు, మూడున్నయి. ఊఁ అనేది ఏరే, చిటచిట ఏరే, ఈల ఏరే. ముగ్గురు దొంగలకు ఒక్క పేరు వెట్టి పిలుస్తే ఒక్కడు గూడ దొరుకడు."

తర్వాత గిటారు నా మెడలో వేసి, నడి హాల్లో నిలబెట్టి, మెల్లగా చుట్టూ తిరగమన్నాడు. తిరిగాను. క్యారమ్స్ ఆడేవాళ్ళు ఆట ఆపి చూశారు. "ఏం మొక్కు బావా?" అని ఒకడు అడిగాడు. "కొబ్బరికాయ నీ నెత్తి మీదనే కొట్టాలంట" అన్నాను.

"ఆగు! గట్నే ఉండు" అన్నాడు ఖాజా సాబ్. గోడ వైపు తిరిగినప్పుడు ఊఁ తగ్గింది. ట్యూబులైటు కింద ఎక్కువైంది. లైటు ఆర్పాడు. మోతలో ఒక పొర ఊడిపోయింది. ట్యూబులైటు చోకు పలికే పలుకును గిటారు తీగల కింది అయస్కాంతం పట్టుకుంటోందని చెప్పాడు. "గిటారుది తప్పు గాదు, దానికి చెవులు పెద్దగున్నయి. లైటుకు దూరం నిలబడు."

ఈల ఇంకా తేలిక. పెట్టెకు మరీ దగ్గరగా, దానికెదురుగా నిలబడి వాయిస్తున్నాను. దాని గొంతు దానికే వినపడి తిరిగి పలుకుతోంది. నాలుగడుగులు పక్కకు జరిపాడు, ఈల పోయింది. బుధవారం చిటచిట పట్టుకున్నాడు. వైరు గుచ్చే చోట టంకం పైకి మెరుస్తోంది, లోపల తీగ వదులుగా ఆడుతోంది. ఊడబెరికి మళ్ళీ అంటించమన్నాడు. అంటించాను. ఆయన వేలితో లాగి, మళ్ళీ ఊడబెరికి, ఇంకోసారి అంటించమన్నాడు. మూడోసారికి ఊరుకున్నాడు. అదే మెచ్చుకోలు.

ప్రతిసారీ ఒకటే మార్చేవాడు. మార్చి, విని, ఆ పని వల్లే తగ్గిందా అని చూడటానికి మళ్ళీ పాడుచేసి, మళ్ళీ బాగుచేసేవాడు. "బాగైంది గద సాబ్, మళ్ళ ఎందుకు చెడగొట్టుడు?" అంటే, "ఎందుకు బాగైందో తెలువకపోతే గది బాగైనట్టు గాదు. మోత ఉత్తగ పోదు బేటా. ఎటో పోతది. ఎటు వోయిందో సూడాలె" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు ముసలివాళ్ళ చాదస్తంగా తోచింది.

గురువారం మైదానంలో స్టేజీ లేచింది. మా గిటారు పెట్టె శబ్దం అంత మైదానానికి చాలదని, ఒక వైరుతో దాన్ని మైకు సెట్టుకు కలిపారు. కలపగానే ఊఁ మళ్ళీ మొదలైంది, ఈసారి మైదానమంతా. ఖాజా సాబ్ నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. గిటారు పెట్టెకు కరెంటు క్లబ్బు లోపలి నుంచి వస్తోంది. మైకు సెట్టుకు బయటి స్తంభం నుంచి. ఎర్తు, అంటే తప్పు కరెంటు మనిషి ఒంట్లోకి కాకుండా భూమిలోకి పోయే దారి, దేనిది దానికి వేరుగా ఉంది.

"ఎర్తులు రెండున్నయి. నాకు గా దాని మీద అనుమానం" అంటుండగానే గని నుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. బాయి లోపల నీళ్ళు తోడే పంపు నిలిచిపోయింది. ఖాజా సాబ్ హెల్మెట్ పెట్టుకుంటూ నా వైపు తిరిగాడు.

"నేనచ్చేదాక ఏం ముట్టకు. మోగితే మోగనీ."

శుక్రవారం సాయంత్రం దాకా ఆయన పైకి వచ్చిన జాడ లేదు. రిహార్సల్‌లో ఊఁ అలాగే ఉంది. మల్లేశమన్న గిటారు వచ్చిన ఖాళీ చెక్కపెట్టెను, తాళంకప్పను పక్కపక్కన తెచ్చి స్టేజీ మీద పెట్టాడు. నేను ఏం చేశానో పొడుగ్గా చెప్పను, పని కూడా పొట్టిదే. ఆంప్లిఫయర్ పెట్టె త్రీపిన్ ప్లగ్గు విప్పి, ఎర్తుకు పోయే పచ్చ తీగ కత్తిరించి, ప్లగ్గు మూసేశాను. మోత కత్తితో కోసినట్టు ఆగిపోయింది. రెండు ఎర్తులు అనుమానమైతే ఒకటి తీసేస్తే సరి కదా. సర్టిఫికెట్ ఉన్నవాడి లెక్క.

మల్లేశమన్న నన్ను కౌగిలించుకున్నాడు. "ఖాజా సాబ్ మూడు దినాలు తిరిగినా గానిది, నువ్వు ఒక్క నిమిషంల జేసినవ్ రా!" అన్నాడు. కాదనలేదు.

మా గాయని విమల. కంపెనీ దవాఖానలో నర్సు. స్టేజీ ఎక్కేముందు చెప్పులు మెట్ల దగ్గర విడిచి, మెట్టుకు దండం పెట్టి వచ్చేది. మైకు పట్టుకుని ఒక చరణం పాడి ఆగింది.

"ఓదెలన్నా, మైకు చిమచిమంటున్నది. చీమలు వాకినట్టు."

"నీ గొంతుల కరెంటున్నది విమలక్కా, మైకు తట్టుకుంటలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, చేయి చీరకు తుడుచుకుని, పాట పూర్తిచేసింది. ఆ జోకు నాకు రాత్రి ఇంటికెళ్ళేదాకా తియ్యగా ఉంది.

శనివారం మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. మా ఊళ్ళో ఏ సభ జరిగినా బొగ్గు దుమ్ము లేవకుండా ముందు నీళ్ళు చల్లుతారు. పెద్ద సాబు వస్తున్నాడని ఆ రోజు ఇంకొక ట్యాంకరు ఎక్కువ చల్లారు. స్టేజీ మట్టిదిమ్మె, దాని మీద జంపఖానాలు. జంపఖానాలు కూడా తడిశాయి. సాయంత్రం అయిదింటికి మైదానం నిండింది. "ప్రాణం విలువైనది, జాగ్రత్త మరువకు" అని బ్యానరు. దాని కింద, తెగిన పచ్చ తీగతో నేను.

పెద్ద సాబు మాట్లాడి కూర్చున్నాడు. విమల మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. అప్పుడు జనంలో నుంచి ఖాజా సాబ్ రావడం చూశాను. రెండు రోజుల బొగ్గు మొహం మీద అలాగే ఉంది. స్టేజీ పక్కకు వచ్చి తల ఒకవైపు వంచి నిలబడ్డాడు. నేను చిరునవ్వు నవ్వి, చూడండి ఎంత నిశ్శబ్దంగా ఉందో అన్నట్టు చేయి చూపించాను.

"మోత ఎటువోయింది?" అన్నాడు.

"పోయింది సాబ్."

"అవ్. ఎటు?"

నేను జవాబు వెతుక్కునేలోగా ఆయన స్టేజీ ఎక్కి, మైకు కడ్డీని వేళ్ళ వెనక భాగంతో తాకాడు. పాత ఎలక్ట్రీషియన్లు అలాగే తాకుతారు. కరెంటు కొడితే చేయి ముడుచుకుని పట్టుకోకుండా వెనక్కి వచ్చేస్తుందని. ఆయన చేయి వెనక్కి వచ్చింది. విమల అప్పటికి మెట్టుకు దండం పెట్టి లేస్తోంది.

"బేటీ, చెప్పులేస్కో" అన్నాడు. "అక్కణ్ణే ఉండు."

అలా అని దిగి, ఏ తొందరా లేకుండా స్తంభం దగ్గరికి నడిచి, ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. క్లబ్బు లోపలికి వెళ్ళి అక్కడిదీ పీకాడు. స్టేజీ మీది లైట్లు, మైకు, పెట్టె, అన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. సాయంత్రపు వెలుతురు ఉంది కాబట్టి మల్లేశమన్న ముఖం మాత్రం స్పష్టంగా కనపడింది.

"కరెంటోళ్ళను విలువుండ్రి! ఏడవోయిండ్రు కరెంటోళ్ళు?" అని అరుస్తూ ఆయన స్తంభం వైపు పరుగెత్తాడు. ఎవరి దగ్గర దొరికిందో, చేతిలో కొత్త ఫ్యూజు ఉంది. పెట్టబోయాడు. మైదానంలో కూర్చున్నవాళ్ళు ఒక్కపెట్టున లేచారు.

"ఏయ్ మల్లేశం! ముట్టకు!"

"ఖాజా సాబ్ జేబుల ఉన్నది ఫ్యూజు! చెయ్యి దియ్యి!"

మల్లేశమన్న చేయి తీసేశాడు. వారం రోజులుగా భద్రత మీద ఎన్నో ఉపన్యాసాలు జరిగాయి. పనిచేసింది ఆ అరుపు ఒక్కటే.

పెద్ద సాబు కుర్చీలోంచి సగం లేచి, "ఏమైంది ఖాజా?" అన్నాడు. ఖాజా సాబ్ నా ప్లగ్గు విప్పి చూస్తున్నాడు. కత్తిరించిన పచ్చ తీగ కొస, కొత్తగా, నున్నగా మెరుస్తోంది. ఊడిన తీగ అలా ఉండదని చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. ఆయన దాన్ని బొటనవేలితో మూసి పట్టుకున్నాడు.

"ఎర్తు ఊడింది సాబ్. పది నిమిషాలు."

పెద్ద సాబు కూర్చున్నాడు.

ఆ పది నిమిషాల్లో నేను చూసింది ఇది. మైకు సెట్టు ఎర్తు అంటే స్తంభం మొదట్లో, ట్యాంకరు నీళ్ళు పడని ఎండిన నేలలో దిగ్గొట్టిన ఒక ఇనుప చువ్వ. ఖాజా సాబ్ పట్టుకుని లాగితే ముల్లంగిలా వచ్చేసింది. మా గిటారు పెట్టె పాతది, లోపల కరెంటు కొంచెం కొంచెం రేకు మీదికి కారుతోంది. క్లబ్బు ఎర్తు ఉన్నంతకాలం అది భూమిలోకి పోయింది, ఊఁ అని చెబుతూ పోయింది. ఆ దారి నేను మూశాను. రెండు పెట్టెలూ వైరుతో కలిసి ఉన్నాయి. కారిన కరెంటు ఆ వైరు వెంట నడిచి, మైకు కడ్డీలో కూర్చుని, తడి జంపఖానా మీద ఉత్త కాళ్ళతో నిలబడే మనిషి కోసం ఎదురుచూసింది. మోత అటు పోయింది.

ఆయన పచ్చ తీగ అతికించి, రెండింటికీ క్లబ్బు లోపలి ఒకే బోర్డు నుంచి కరెంటు, ఒకే ఎర్తు ఇచ్చాడు. "దారి ఒక్కటే ఉండాలె. రెండుంటే గిరగిర తిరిగి మోగుతది" అన్నాడు. మళ్ళీ వేళ్ళ వెనక భాగంతో మైకును తాకాడు. ఈసారి చేయి అక్కడే ఉంది. జేబులోంచి ఫ్యూజులు తీసి తనే పెట్టాడు. పెట్టెలో సన్నగా, చెవి పెట్టి వింటే వినపడేంత ఊఁ మిగిలింది. "గిది గూడ తీసేద్దామా సాబ్?" అన్నాను.

"గంత ఉండనీ. పెట్టె పాతదని చెప్తున్నది. సొమారం దాన్ని ఇప్పి సూద్దాం."

విమల పాడింది. బాగా పాడింది, చప్పట్లు పడ్డాయి. నా బేసు ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు.

సోమవారం షాపులో ఆయన పెట్టె విప్పుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"గా పిల్ల నీకేమన్న జెప్పిందా, ముందుగాల?"

"చిమచిమంటున్నదని చెప్పింది సాబ్."

"నువ్వేమన్నవ్?"

చెప్పాను. నా జోకు అంత పొడుగ్గా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆయన విని, స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"మంచిగనే ఉన్నది జోకు" అన్నాడు. స్క్రూడ్రైవరు మళ్ళీ అందుకుంటూ, "గా పిల్ల సచ్చినంక ఎవలకు జెప్తుంటివి?" అన్నాడు.

అంతే. తిట్టలేదు. మరో విషయం కూడా చెప్పాడు: "ఊడిందని నేను అందరికి జెప్పిన. కోసిన్నని నువ్వు ఒక్కళ్ళకు జెప్పాలె. ఎవలకో నీకు ఎర్కనే." తర్వాత నెల రోజులు నాకొక పని పెట్టాడు. గని పైన ఉన్న ఎర్తు గుంతలన్నిటికీ తిరిగి నీళ్ళు పోయడం. ఉప్పు, కట్టెబొగ్గు నింపిన గుంతలు అవి, ఎండితే పనిచేయవు. బకెట్ పట్టుకుని తిరుగుతుంటే జనం "చెట్టు ఏది ఓదెలూ?" అని అడిగేవాళ్ళు. "మొలకెత్తంగనే చెప్త" అనేవాణ్ణి. జోకులు మానేశానని అనుకోకండి.

దవాఖానకు మూడో రోజు వెళ్ళాను. విమల సూదులు ఉడకబెడుతోంది. కోసింది నేనేనని చెప్పాను. ఆమె మంట తగ్గించింది.

"నేను జెప్పిన గద అన్నా."

"చెప్పినవ్ అక్కా."

"నవ్వితివి."

ఆమె మూత పెట్టి, "పో ఇగ, లైనుల మనుషులున్నరు" అంది. ఇక్కడ నేనూ విమలా పెళ్ళి చేసుకున్నామని మీరు అనుకుంటూ ఉంటే, లేదు. ఆమె మంథని కాంపౌండరును చేసుకుంది. వెళ్ళేదాకా ప్రతి ప్రోగ్రాంలో మెట్ల దగ్గర ఆగి, వందమంది వినేలా "ఓదెలన్నా, ఇయ్యాల ఎర్తున్నదా?" అని అడిగేది. ఉందని చెప్పాకే చెప్పులు విడిచేది. జనం అదేదో మా ఇద్దరి హాస్యమనుకునేవాళ్ళు.

మరో రెండేళ్ళకు ఖాజా సాబ్ రిటైరయ్యాడు. సన్మానంలో మెడ నిండా దండలు, పక్కన మల్లేశమన్న కన్నీళ్ళతో ఉపన్యాసం. ఉపన్యాసం మధ్యలో మైకు ఊఁ అంది. సభంతా ఖాజా సాబ్ వైపు తిరిగింది. ఆయన లేవబోయాడు, దండల బరువుకో మర్యాదకో కూర్చుండిపోయి, కళ్ళతో నన్ను వెతికాడు. లేచాను. వెనక్కి వెళ్ళి, ముందుగా ఏదీ ముట్టుకోకుండా విన్నాను. బాగుచేసి వచ్చేసరికి ఆయన బీడీ కోసం కుడిచెవి తడుముకుంటున్నాడు. పక్కనే కూర్చున్నప్పుడు అడిగాడు:

"ఎటువోయింది?"

"చోకు సాబ్. వైరు లైటు పొంటి గుంజిండ్రు. జరిపిన."

"మళ్ళ దగ్గరికి జరిపి సూసినవా?"

"సూసిన. మోగింది. మళ్ళ జరిపిన."

తలూపాడు. దండల్లోంచి ఒక బంతిపువ్వు నా మీద రాలింది. దాన్ని ఆశీర్వాదంగా రాసుకోవచ్చు, కానీ దారం వదులైంది.

పోయిన ఏడాది ఆయన కరీంనగర్‌లో, కొడుకు ఇంట్లో, మామూలు జ్వరంతో పోయాడు. ముప్పై ఏళ్ళు బాయిలో కరెంటుతో బతికిన మనిషికి ఆ చావు కొంచెం చప్పగా ఉందని షాపులో ఎవరో అన్నారు. అంత చప్పటి చావు కోసమే ఆయన అన్నేళ్ళు జేబులో ఫ్యూజులు మోశాడని నేను అనలేదు. మనసులో అనుకున్నాను.

పెద్దపల్లి పెళ్ళిలో పందిరి వెనక్కి వెళ్ళేసరికి మైకు పిల్లవాడు ప్లగ్గు బిగిస్తున్నాడు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళు ఉంటాయి. కింద పచ్చ తీగ ముక్క పడి ఉంది. నన్ను చూసి కాలితో దాని మీద మట్టి కప్పాడు. అవతల పెళ్ళికొడుకు తండ్రి, కాళ్ళు కడుక్కున్న తడితో, నాలుగు మాటలు చెప్పడానికి మైకు వైపు నడుస్తున్నాడు. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాను.

మేనమామ ఉరికొచ్చాడు. "ఎవడ్రా కరెంటు దీసింది? పెండ్లి అనుకుంటున్రా ఏమనుకుంటున్రు? ఇజ్జత్ దీస్తున్రు గద!" ఆయన వెనక ఇంకో పదిమంది. పిల్లవాడి పెదవులు తెల్లబడ్డాయి. వాడు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు, ఒకప్పుడు నా దగ్గర ఉండేది. నాకు నాలుక చివరికి మంచి జోకు ఒకటి వచ్చింది. మింగేసి, తెగిన తీగ కొసను బొటనవేలితో మూసి పట్టుకున్నాను.

"ఎర్తు ఊడింది కాకా. పది నిమిషాలు."

పది నిమిషాల తర్వాత, పచ్చ తీగ అతికించి ఫ్యూజు నేనే పెట్టాక, మైకులో సన్నగా ఊఁ మళ్ళీ మొదలైంది. వచ్చి కూర్చుని, చల్లారిన పప్పు కలుపుకున్నాను.